అమ్మ సంతకం

(నిజాంపేటలో స్త్రీల ఆరోగ్య హక్కుల మీద జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'కేన్సర్ – స్త్రీల హక్కులు' అనే విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. పాతికేళ్ళుగా బస్తీల్లో ఆరోగ్యం క్లాసులు చెప్తున్నదాన్ని కనక చార్టులూ బొమ్మలూ సిద్ధం చేసుకున్నాను. నిన్న రాత్రి వాటిని పక్కన పెట్టేశాను. మా అమ్మ గురించి మాట్లాడతాను. ఆవిడ ఈ నిజాంపేటలోనే, ఈ హాలుకి పది నిమిషాల నడక దూరంలో, మా చెల్లెలి ఫ్లాట్‌లో 14 ఏళ్ళు ఉంది. అందులో చివరి 8 ఏళ్ళు కేన్సర్‌తో బతికింది. 'కేన్సర్‌తో పోయింది' అని చుట్టాలంతా అంటారు. పోవడం ఒక రోజు పని. బతికింది 8 ఏళ్ళు. నేను చెప్పదలుచుకున్నది ఆ 8 ఏళ్ళ సంగతి.

అమ్మది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. 1952లో పుట్టింది. బడికి పోలేదు. 16వ ఏట పెళ్ళి, ఆ తర్వాత మేం ముగ్గురం. రెండెకరాల పొలం, రెండు బర్రెలు. మా ఊరి ఆడవాళ్ళందరి కథ లాంటిదే ఆవిడ కథ. అందులో మూడు కాగితాల గురించి మాత్రం మీకు వివరంగా చెప్పాలి.

మొదటి కాగితం 1988 నాటిది. అమ్మకి 36 ఏళ్ళు. తెల్లబట్ట అవుతోందని ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి వెళ్తే, అతను టౌనులో ఒక నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళాడు. "పిల్లలు పుట్టారు గదా, ఇంకెందుకు? ఉంచుకుంటే కేన్సర్ వస్తుంది" అని చెప్పి గర్భసంచి తీసేశారు. మా నాన్నకి చదువు రాదు, కాగితం మీద వేలిముద్ర వేశాడు. అమ్మని ఎవరూ అడగలేదు. ఆవిడ అప్పుడు పక్కగదిలో మంచం మీద ఉంది, మెలకువగానే ఉంది. ఒక బర్రెని అమ్మి ఆ ఆపరేషన్ ఖర్చు కట్టారు. తెల్లబట్టకి మందులుంటాయనీ, గర్భసంచి తీయడం దానికి వైద్యం కాదనీ నాకు తెలిసింది ఎనిమిదేళ్ళ తర్వాత, నేను హైదరాబాదు వచ్చి సంస్థలో చేరి, అన్వేషి వాళ్ళు 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం చేతిలో పడ్డాక.

ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి కాదని మీకు తెలుసు. మీలో ఎంతమందికి ఆ ఆపరేషన్ అయిందో చేతులెత్తమని నేను అడగను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 100కి ముగ్గురు చొప్పున ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది ఉన్నారు. మన దగ్గర ఆడవాళ్ళ గర్భసంచులు ప్రత్యేకంగా చెడిపోతాయా? కేన్సర్ అనే మాటని కత్తిలా వాడి మన ఊళ్ళలో ఎన్ని పొట్టలు కోశారో! మా అమ్మకి నిజంగా కేన్సర్ వచ్చినప్పుడు అది వచ్చింది రొమ్ములో.

రెండో కాగితం దగ్గరికి వెళ్ళే ముందు ఒక మంచి సంగతి చెప్పాలి. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి రామాలయం అరుగు మీద పెట్రోమాక్స్ లైటు పెట్టి చదువు చెప్పేవాళ్ళు. అమ్మ 39వ ఏట పలక పట్టింది. మా చెల్లి ఆరో తరగతి. తల్లీ కూతురూ ఒకే లాంతరు దగ్గర కూర్చుని రాసుకునేవాళ్ళు. ఆ వాచకంలో సారా మీద సీతమ్మ కథ ఉండేది. తర్వాతిది మీ అందరికీ తెలిసిన చరిత్రే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, జిల్లా అంతా అంటుకుంది, ఆపైన రాష్ట్రమంతా. 1993 అక్టోబరు 1 నుంచి సారాని నిషేధించారు. మా ఊళ్ళో సారా పాకెట్ల జీపుకి అడ్డంగా కూర్చున్నవాళ్ళలో మా అమ్మ ఉంది. ఎమ్మార్వోకి ఇచ్చిన అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే. 'మొదటి' అని గొప్పకి చెప్పడం లేదు, మిగతావాళ్ళకి ఇంకా పేరు మొత్తం రాయడం రాలేదు, అంతే. ఆ సంతకం చాలా పెద్దది. ఒక్కో అక్షరం గుండ్రంగా, ముగ్గు వేసినట్టు రాసేది. ఆ సంతకంతోనే తర్వాత డ్వాక్రా గ్రూపు పాసుబుక్కు నడిపింది.

నాన్న 1999లో పోయాడు. చెల్లి ఇంజనీరింగు చదివి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. 2008లో వాళ్ళు నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కున్నారు. అదే ఏడు పాప పుట్టింది. పురుడు పోయడానికి మూడు నెలలకని అమ్మ వచ్చింది. ఆ మూడు నెలలు 14 ఏళ్ళయ్యాయి.

అప్పటి నిజాంపేట మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. గ్రామ పంచాయతీయే, కానీ అపార్ట్‌మెంట్లు మొక్కజొన్న కంకుల్లా లేచేవి. నీళ్ళు టాంకర్లలో వచ్చేవి. టాంకరు హారన్ వినిపిస్తే అమ్మ చేతిలో పిల్లని చంకనేసుకుని బాల్కనీలోకి పరిగెత్తేది. 1998లో సైబర్ టవర్స్ కట్టిన తర్వాత ఆ పక్కనంతా అద్దాల భవనాలు వచ్చాయి, ఆ భవనాల్లో ఆడపిల్లలకి ఉద్యోగాలు వచ్చాయి. మంచిదే. మనం కోరుకున్నదే. కాని సాయంత్రం మూడున్నరకి మన అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర నిలబడి చూడండి. స్కూలు బస్సు కోసం కాచుకుని ఉండేది ఎవరు? నెల్లూరు, గుంటూరు, గోదావరి, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ. ఏభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని సవరించి చెప్పారు. మా పాప అప్పటికే తొమ్మిదేళ్ళది. అన్నేళ్ళూ ఆ కంపెనీకి శిశుసంరక్షణ కేంద్రం మా అమ్మ ఒడి. జీతం లేదు, సెలవు లేదు. 2019లో ప్రభుత్వం తీసిన లెక్కలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. అసలు చేసే మగవాళ్ళే నలుగురిలో ఒకరు. మా అమ్మ నిమిషాలు ఎవరూ లెక్క పెట్టలేదు. చెల్లి కంపెనీ ఇన్సూరెన్సు కాగితంలో అమ్మ పేరు ఎదురుగా 'డిపెండెంట్' అని ఉండేది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఆ కాగితం రాసినవాడికి తెలియదు పాపం.

2013లో అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎనిమిది నెలలూ నేనేం చేస్తున్నానో చెప్తాను. కూకట్‌పల్లిలో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి రొమ్ము పరీక్ష ఎలా చేసుకోవాలో నేర్పిస్తున్నాను. నొప్పి లేని గడ్డ, చర్మం గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో బిళ్ళ కట్టడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి అని చార్టు పెట్టి చెప్తున్నాను. ఆ చార్టు చెల్లెలి ఇంట్లో, అమ్మ మంచం కింద ఉండేది. ఆదివారం ఆదివారం వచ్చి అమ్మ చేసిన చేపల పులుసు తిని, చార్టు తీసుకుని వెళ్ళేదాన్ని. ఒక్కనాడు "అమ్మా, నీకెలా ఉంది?" అని అడగలేదు. అడిగినా "నాకేం, బానే ఉండా" అనేది. ఆ మాటని నేను నమ్మాను, ఎందుకంటే నమ్మితే నాకు సుఖం.

ఎందుకు దాచిందో తర్వాత చెప్పింది. చెల్లిని ఆ ఏడు ఆఫీసు వాళ్ళు ఆరు నెలలు అమెరికా పంపారు. "నాకు జబ్బని చెప్తే అది పోదు. పోకపోతే దాని పై ఉజ్జోగం పాయె. పిల్ల ఒకటో క్లాసు. వచ్చినాక చెప్దాంలే అనుకున్నా. వచ్చినాక పిల్లకి ఆటలమ్మ పోసింది." చెప్పినప్పుడు గొంతులో ఏ బాధా లేదు, పాల లెక్క చెప్పినట్టు చెప్పింది. చివరికి జాకెట్ కుట్టే అమ్మాయి కొలత తీస్తూ చూసి, చెల్లికి చెప్పింది. ఆరోగ్య కార్యకర్తని కాదు, దర్జీ అమ్మాయి కనిపెట్టింది.

2020లో వచ్చిన జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోకీ రొమ్ము కేన్సర్ రేటు ఎక్కువగా ఉన్నది హైదరాబాదు జిల్లాలో. వయసు తేడాలు సరిచేసి చూస్తే లక్షమంది ఆడవాళ్ళకి ఏటా 48 మంది. 2019-21 ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఈ పరీక్షకి పెద్ద యంత్రాలు కావాలనుకుంటాం. టాటా మెమోరియల్ వాళ్ళు 1998 నుంచి ఇరవై ఏళ్ళపాటు ముంబయి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు చదువున్న ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయిస్తే గడ్డలు ముందే దొరికాయి. 50 ఏళ్ళు దాటినవాళ్ళలో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. చేతులు చాలు. కాని ఆ చేతులు ఇంట్లో పిల్లల్ని చూసుకునే ముసలమ్మ దాకా రావాలి. మన క్లాసులకి వచ్చేది పని చేసుకునే వయసు వాళ్ళు. అరవై దాటినవాళ్ళు మనం పెట్టిన మీటింగుకి రారు, మనవళ్ళని చూసుకుంటూ ఇంట్లో ఉంటారు. ఈ సంగతి మన సంస్థలు ఆలోచించుకోవాలి. నేను ఆలోచించలేదు.

2014లో పరీక్షలన్నీ అయ్యాయి. మూడో దశ. మా అన్న బెంగుళూరు నుంచి వచ్చాడు. అన్న, చెల్లి, మరిది, నేను నలుగురం హాల్లో కూర్చుని అమ్మకి 'కేన్సర్' అని చెప్పకూడదని తీర్మానం చేశాం. నేనూ చెయ్యెత్తాను. 'సమాచార హక్కు' అని ఊరంతా ఉపన్యాసాలిచ్చేదాన్ని! 'చిన్న గడ్డ, మందులతో కరుగుతుంది' అని చెప్పాలని నిర్ణయం. అమ్మ వంటింట్లో దోసెలు పోస్తూ అంతా విన్నదో లేదో తెలియదు. పళ్ళెం తెచ్చి పెడుతూ అంది: "ఆసుపత్రి ముందర బోర్డు మీద తెలుగులోనే రాసుంది గదా. ఆటో దిగంగానే చదివినా. నాకు చదవను రాదనుకున్నారా?"

నలభై ఏళ్ళకి దగ్గరపడి నేర్చుకున్న చదువు అది. మేం మరిచిపోయాం.

ఇక రెండో కాగితం. ముందు కొన్ని నెలలు కీమో ఇచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఒక చిన్న డాక్టరు ఫారం తెచ్చాడు. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపింది. అతను కాగితం ఇవ్వలేదు. "మగవాళ్ళెవరూ రాలేదా అండీ?" అని నన్నడిగాడు. నేను వాదించాను. "ప్రొసీజరండీ, ఫామిలీ సైన్ చేయాలి" అన్నాడు. రాత్రి తొమ్మిదయింది, తెల్లవారి మొదటి కేసు అమ్మదే. మరిది కింద మందుల దుకాణం నుంచి వచ్చి సంతకం పెట్టాడు. చదవకుండానే పెట్టాడు. అమ్మ కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టుకుంది. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. ఎందుకంటే ఏ ఆసుపత్రిలోనైనా అడగండి, ఇదే జరుగుతోంది. ఆ పిల్ల డాక్టరు చెడ్డవాడు కాదు, అతనికి అలా నేర్పారు.

ఇక్కడ ఒక తీర్పు గురించి మీరు రాసుకోవాలి. సమీరా కోహ్లీ కేసు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత. పొట్టలో ఏముందో చూడటానికని మత్తు ఇచ్చారు. మత్తులో ఉండగానే బయట కూర్చున్న ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ఆమె కేసు వేసింది. 2008 జనవరి 16న సుప్రీం కోర్టు చెప్పింది: తెలివిలో ఉన్న, వయసొచ్చిన మనిషి తరఫున తల్లయినా సరే ఒప్పుకోవడం చెల్లదు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం అయితే తప్ప ఆ మనిషి మత్తులోంచి లేచేదాకా ఆగి, ఆమెనే అడగాలి. పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు. పరిహారం ఇప్పించింది 25 వేలే, కాని మాట పెద్దది. అంటే మా అమ్మ చెయ్యి చాపినప్పుడు చట్టం ఆమె పక్కనే ఉంది. 2014 నాటికి ఆ తీర్పు వచ్చి ఆరేళ్ళయింది. నాకు తెలుసు కూడా. ఆ రాత్రి తొమ్మిది గంటలకి నా నోటికి రాలేదు.

సంతకాల సంగతి వచ్చింది కనక ఖమ్మం ఆడపిల్లల్ని తలుచుకోకుండా ఉండలేను. 2009లో గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే టీకా మీద అధ్యయనమని, 10 నుంచి 14 ఏళ్ళ గిరిజన, దళిత ఆడపిల్లలకి వేలమందికి టీకాలు వేశారు. ఎందరో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోవడం, మహిళా సంఘాలు వెళ్ళి నిజనిర్ధారణ చేయడం, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేయడం జరిగాయి. చావులకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. ఆ టీకా కేన్సర్‌ని ఆపగలదని నేను ఒప్పుకుంటాను, మన పిల్లలకి అందాలని కూడా అంటాను. కాని 2013లో పార్లమెంటరీ సంఘం ఏం చూసింది? తనిఖీ చేసిన 9,543 ఒప్పుదల పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. తల్లిదండ్రులది కాదు, పిల్లలది అంతకంటే కాదు. మా నాన్న వేలిముద్ర, మా మరిది సంతకం, వార్డెను సంతకం: ఒకే చేతిరాత.

సరే, కీమో సంగతి. 'ఎర్ర మందు' అని వార్డులో అంటారు. మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం అనుకుని హడలిపోతారు, అమ్మకి పక్క మంచం ఆవిడ చెప్పింది. మందు ఎక్కించిన మూడో రోజు నోరంతా పుళ్ళు, వాంతులు. నాలుగో రోజు లేచి పాపకి టిఫిను డబ్బా కట్టేది. మేం వద్దన్నాం. గట్టిగా వద్దన్నామా? ఇప్పుడు ఆలోచిస్తే లేదు. 'పనిలో పడితే ఆవిడకి మనసు తేలికపడుతుంది' అని మాకు మేం చెప్పుకున్నాం. అందులో కొంత నిజం లేకపోలేదు, ఆ నిజం మాకు చాలా అనుకూలంగా కూడా ఉంది.

జుట్టు రాలిపోయాక పాప తన పూలపూల చున్నీ కట్టింది అమ్మమ్మ తలకి. రొమ్ము తీసేశాక ఒక పక్క బరువు తగ్గి నడక ఒరుగుతుంది. వీపు నొప్పి వస్తుంది. దుకాణంలో అమ్మే సిలికాన్ రొమ్ము ధర విని అమ్మ దండం పెట్టింది. పాత నూలు చీర ముక్కతో సంచి కుట్టి, అందులో రాగులు పోసి, కుడివైపు బరువుకి సరిపోయేలా చేత్తో తూచి, జాకెట్ లోపల జేబు కుట్టించుకుంది. వానాకాలం రాగులు పురుగు పట్టాయి. ఇంట్లో అందరం నవ్వుకున్నాం, అమ్మ ఎక్కువ నవ్వింది. తర్వాత ఆవాలు పోసింది, అవి నిలిచాయి. రేడియేషన్‌కి అయిదు వారాలు రోజూ వెళ్ళేటప్పుడు అక్కడ పరిచయమైన ఆడవాళ్ళకి ఇలాంటివి ఇరవై దాకా కుట్టి ఇచ్చింది. మన సంస్థలో కుట్టు శిక్షణ జరుగుతోంది కదా, కొలతలు నా దగ్గర ఉన్నాయి.

ఎడమ చంకలో బిళ్ళలు తీసేశారు కనక ఆ చెయ్యి జాగ్రత్త అన్నారు. బరువు ఎత్తకూడదు, సూది పొడిపించుకోకూడదు, బట్టలు పిండకూడదు. పిండింది. చెయ్యి బూరెలా వాచింది. ఇంట్లో సమావేశం పెట్టి కొత్త వాషింగ్ మెషీను కొన్నారు. ఇంట్లో ఉన్న ఇంకో రెండు జతల చేతుల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత అయిదేళ్ళు బాగానే ఉంది. రోజుకో మాత్ర. పాప అయిదో క్లాసు, ఎనిమిదో క్లాసు. అమ్మ పాప దగ్గర ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది, మెట్రో స్టేషన్ల పేర్లు చదివేది. 2019 చివర్లో నడుము నొప్పి. స్కాన్‌లో ఎముకలకి పాకిందని తెలిసింది.

ఈసారి మేం తీర్మానాలు చేయలేదు. అమ్మే డాక్టరుని అడిగింది, "తగ్గుతుందా, తగ్గదా?" అని. ఆయన నిజం చెప్పాడు, "తగ్గదమ్మా, అదుపులో ఉంచొచ్చు." "అయితే నొప్పి లేకుండా చూడు నాయనా, మిగతాది నేను చూసుకుంటా."

నొప్పి లేకుండా ఉండటం కూడా హక్కేనని మనం నినాదాల్లో రాసుకోలేదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి దారి కొంచెం సులువు చేశారు. అయినా చాలాచోట్ల దొరకదు. రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఉన్న మన ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగం ఉంది. మేం అక్కడికి వెళ్ళాం. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగేవాళ్ళం. మార్ఫిన్ చిన్న మాత్ర, చవక మందు. నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, విరేచనం బిగుస్తుంది కనక దానికి మందు కలిపి ఇస్తారు. "అది చచ్చేముందు ఇచ్చే మందు, వేస్తే అలవాటు పడిపోతుంది" అని చుట్టాలు ఫోన్లు. సరైన మోతాదులో నొప్పికి వాడితే మత్తుకి బానిస కావడం అరుదు. అమ్మ ఆ మాత్రలతో రెండేళ్ళకి పైగా బతికింది, మాత్ర వేసుకుని పాపకి జడలు వేసింది.

2020 మార్చి 22న మెట్రో ఆగిపోయింది. సెప్టెంబరు దాకా నడవలేదు. మరిది ఆసుపత్రి చీటీ జేబులో పెట్టుకుని, పోలీసులకి చూపిస్తూ బండి మీద వెళ్ళి మాత్రలు తెచ్చేవాడు. ఆయన గురించి ఇందాక సంతకం సంగతి చెప్పాను కనక ఇదీ చెప్పాలి. ఆఫీసు ఇంట్లోకి వచ్చేసరికి, అమ్మ పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటిదాకా ఏం చేసేదో ఆయన, చెల్లి మొదటిసారి కళ్ళారా చూశారు. ఆర్నెల్లకి ఆయనకి అన్నం, పప్పు, రెండు కూరలు వచ్చాయి. మంచం పట్టినప్పుడు అమ్మ పక్క బట్టలు కూడా మార్చాడు. పన్నెండేళ్ళు పట్టింది, ఒక జబ్బూ ఒక మహమ్మారీ కావాల్సొచ్చింది.

2022 జనవరిలో అమ్మ పోయింది, ఇంట్లోనే, పాప పక్కన ఉండగా. పెద్దకర్మ రోజు అందరూ 'త్యాగమూర్తి' అన్నారు. ఫోటో కింద అదే రాయించారు. నాకు ఆ మాట గొంతులో అడ్డం పడింది. అలాగని మన సిద్ధాంతంతో ఆవిడ ప్రేమని కొట్టిపారేయడానికి కూడా నేను సిద్ధంగా లేను. పాపంటే ఆవిడకి ప్రాణం. ఎవరూ బలవంతపెట్టి ఆ ప్రేమ పుట్టించలేదు. కాని ప్రేమతో చేసిన పని పని కాకుండా పోదు, ఆ ప్రేమ చూసుకుని ఎనిమిది నెలల గడ్డని చూడకుండా ఉండే హక్కు మాకు లేదు. 'త్యాగం' అన్నప్పుడు ఎవరు పుచ్చుకున్నారన్న ప్రశ్న మాయమైపోతుంది. పుచ్చుకున్నది మేం. పేర్లతో సహా చెప్పొచ్చు.

మూడో కాగితం మిగిలింది. 2021లో ఒక మధ్యాహ్నం అమ్మ పాప నోటుబుక్కులోంచి కాగితం చింపించుకుని తనే రాసింది. ప్రాణాంతక జబ్బులో వైద్యం ఎంతవరకో ముందే రాసిపెట్టుకోవచ్చని 2018 మార్చిలో సుప్రీం కోర్టు చెప్పింది కానీ, అప్పటి పద్ధతి ప్రకారం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. 2023లో దాన్ని నోటరీతో సరిపోయేలా మార్చారు. అమ్మకి ఇవేవీ తెలియవు, నేను చెప్పనూ లేదు. అందుకని అది కోర్టులో నిలిచే కాగితం కాదు. అందులో ఉన్నది ఇంతే: నన్ను గొట్టాలు పెట్టే గదిలో వేయొద్దు. నొప్పి మాత్ర ఆపొద్దు. ఊరికి తీసుకపోవద్దు, పిల్లకి పరీక్షలు. నా నగలు పెద్దకూతురికీ చిన్నకూతురికీ సగం సగం, కొడుక్కి పొలం ఉండాది. ఏ కాగితం మీదైనా నన్ను అడిగి సంతకం పెట్టండి, నాకు తెలివి ఉన్నంతకాలం.

కింద సంతకం ఉంది, గుండ్రంగా. చెయ్యి వాచి ఉండటంవల్ల ఎడంచేత్తో కాగితం పట్టుకోలేక చివరి అక్షరం పక్కకి జరిగింది. ఆ కాగితం తెచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మనం ఆసుపత్రి ఒప్పుదల ఫారాలు తెలుగులో ఎలా ఉండాలో రాయబోతున్నాం కదా, అప్పుడు చూపిస్తాను. లామినేషన్ చేయించలేదు, మడతల దగ్గర కొంచెం జాగ్రత్తగా పట్టుకోండి.